అవ్వ ఏడ్చిన పాట

చిలకలగూడ, సికింద్రాబాద్
18-1-1987

అక్కా,

ముందుగా తిట్లు. రెండు నెలలుగా ఉత్తరం లేదని నువ్వు తిట్టబోయే తిట్లన్నీ నాకు నోటికొచ్చు కనుక నన్ను నేనే తిట్టుకున్నాను. నీకు ఆ శ్రమ తప్పింది. బావ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? అవ్వ బాగుందా? బడిలో నీ పిల్లలు నిన్ను చూసి ఇంకా వణుకుతున్నారా?

ఇక అసలు సంగతి. మా బ్యాండు పాటలు క్యాసెట్టుగా రాబోతున్నాయి! కాలేజీ ఫంక్షన్లో మేం పాడుతుంటే క్యాసెట్ల కంపెనీ సేటు ఒకాయన విన్నాడు. మర్నాడు పిలిపించి, "ఇంగ్లీషు పాటలు పాడేటోళ్ళు బొంబాయిల బొచ్చెడు మంది ఉన్నరు. మీ సొంతానిది ఏమన్న ఉన్నదా?" అన్నాడు. నేను ఊరికే గిటారు అందుకుని, మన బొగ్గుబాయి మీద కట్టిన పాట ఒకటి పాడాను. సేటు చాయ తాగడం ఆపేశాడు. అట్లాంటివి ఒక క్యాసెట్టుకు సరిపడా చేసుకురమ్మన్నాడు.

బ్యాండు పేరు మార్చేశాం. ఇప్పుడు మా పేరు 'చెమ్మస్'. బొగ్గు ఎత్తే పార పేరు పెట్టుకున్న రాక్ బ్యాండు దేశంలో ఇదొక్కటే. డ్రమ్ములు వాయించే డెస్మండ్ నీకు తెలుసు కదా, కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లవాడు, ఒకసారి మనింటికి వచ్చి అవ్వ చేసిన అంబలి మూడు గిన్నెలు తాగాడు. వాడికి ఆ పేరు పలకడం రాదు, అయినా వాడికే అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది. క్యాసెట్టు పేరు 'బాయి మీద'. పాటలన్నీ బెల్లంపల్లివే. బొగ్గు మోసే టబ్బుల మీద ఒకటి, దుమ్ము పట్టిన వేపచెట్ల మీద ఒకటి, సమ్మె మీద ఒకటి.

నాకు రెండు సాయాలు కావాలి. ఒకటి, బావతో చెప్పి మొదటి షిఫ్టు దిగేటప్పుడు మోగే సైరను టేపు చేయించి పంపు. రెండోది పెద్దది. చివరి పాట బాయిలో పోయిన బాపు మీద. దాని మధ్యలో అవ్వ గొంతు కావాలి. సావుల దగ్గర రాగం తీసి ఏడుస్తుంది చూడు, ఆ ఏడుపు. చిన్నప్పుడు అది వింటే నాకు ఒళ్ళంతా జల్లుమనేది. అట్లాంటి గొంతు ఈ పట్నంలో ఎవరికీ లేదు. జర అడిగి చూడు.

నీ తమ్ముడు
కైలాసం


బెల్లంపల్లి
30-1-1987

తమ్మీ,

మీ బావ మోకాలు బాగుంది, నా నోరూ బాగుంది. రెండూ ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి.

చెమ్మస్ అట! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పుట్టినప్పటి నుంచీ ఒక్కనాడైనా చెమ్మస్ పట్టావా నువ్వు? ఆ పేరు విన్నప్పటి నుంచి మీ బావ ఒకటే నవ్వు. "నా చెమ్మస్ ఇచ్చి పంపుతా, నాలుగు టబ్బులు నింపి పాడుమను" అంటున్నాడు. నవ్వాడు గానీ, ముత్యం హోటలు మీదికి పోయి టేపు రికార్డరు అడిగి తెచ్చింది కూడా ఆయనే. టేపును నమ్మి ఇవ్వలేక ముత్యం కూడా వెంట వచ్చాడు. ఇద్దరూ బాయి గేటు దగ్గర దొంగల్లా నిలబడి సైరను పట్టారు. అందులో కుక్క మొరుగుడు, మీ బావ దగ్గు ఉంటాయి. అవి తీసేస్తావో, పాటలో కలుపుకుంటావో నీ ఇష్టం.

రెండో సంగతి మాత్రం అవ్వను అడగలేదు. అడగను. నువ్వూ ఆ మాట మళ్ళీ రాయకు.

నువ్వు పదో ఏట కరీంనగర్ హాస్టలుకు పోయావు. సెలవులకు వచ్చి పోయేవాడివి. ఇంట్లో ఏం నడిచిందో నీకు సగం తెలియదు. బస్తీలో ఎవరింట్లో సావైనా ముందు కబురు మన అవ్వకే, దేవవ్వకే వస్తుంది, నిజమే. ఆమె పోయి రాగం ఎత్తితే గానీ ఆడవాళ్ళకు కన్నీళ్ళు రావు. కానీ ఇందరి కోసం ఏడ్చిన మనిషి తన మొగుడు, మన బాపు కోసం ఒక్కనాడు ఏడ్వలేదు. ఇది నీకు తెలుసా?

బాయిలో అగ్గి లేచినప్పుడు అది అంతటా పాకకుండా దారికి అడ్డంగా గోడ కట్టారు. కట్టక తప్పలేదు, లేకపోతే షిఫ్టు మొత్తం పోయేది. బాపు గోడకు అవతల ఉండిపోయాడు. పీనుగ ఇంటికి రాలేదు. ఆఫీసోళ్ళు వచ్చి కాగితం మీద వేలిముద్ర పెట్టమంటే అవ్వ ఒక్కటే మాట అంది: "మనిషిని సూపెట్టుండ్రి, ఏడుస్త. మనిషి లేందే ఎవ్వల మీద పడి ఏడ్వాలె?" అంతే. ముద్ర పెట్టలేదు. గాజులు తీయలేదు, బొట్టు తుడవలేదు, కాలి మట్టెలు తీయలేదు. నాలుగింటికి, మొదటి షిఫ్టు దిగే వేళకు పొయ్యి మీద కాగుతో నీళ్ళు పెడుతుంది, బాపు వచ్చి స్నానం చేస్తాడని. ఇవాళ కూడా పెట్టింది. పొద్దుగూకేదాకా చూసి, ఆ నీళ్ళు పక్కింటి బుచ్చవ్వ బాలింత కోడలికి ఇస్తుంది.

పన్నెండేళ్ళు నిండుతున్నాయి, పీనుగ బదులు మోదుగాకులతో మనిషిని చేసి దహనం చేద్దామని కులపెద్దలు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ మంచి నీళ్ళిచ్చి పంపించింది. ఆమెకు పిచ్చి లేదు. బజారు చేస్తుంది, రేషను తెస్తుంది, నాకన్నా బాగా లెక్క చెబుతుంది. అదొక్కటే పట్టుకుని బతుకుతోంది.

ఆమె బాపు కోసం రాగం ఎత్తిన రోజు బాపు చచ్చిపోయినట్టు. ఆమె నిలబడ్డ నేల పోయినట్టు. నీ పాటకు గొంతు కావాలంటే ఊరంతా గొంతులే. ఆమెను వదిలిపెట్టు.

వేళకు తిను.

కమల


చిలకలగూడ
14-2-1987

అక్కా,

సైరను అందింది. బావ దగ్గు కూడా పాటలో ఉంచేశాం. డెస్మండ్ ఆ దగ్గు మీదే దరువు కట్టాడు, బావకు చెప్పు.

నీ ఉత్తరం చదివి నిద్ర పట్టలేదు. నిజమే, నాకు తెలియదు. సెలవులకు వచ్చినప్పుడు ఆ నీళ్ళు నాకోసమే పెట్టిందనుకుని రెండుసార్లు నేనే పోసుకున్నాను కూడా. అవ్వ ఏమీ అనలేదు.

కానీ ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోకు. బాపు చచ్చిపోయాడని నీకు తెలుసు, నాకు తెలుసు, బస్తీలో పసిపిల్లకు కూడా తెలుసు. అందరం కలిసి ఒక ముసలామెతో అబద్ధం ఆడుతున్నాం కదా? డెస్మండ్ వాళ్ళమ్మ దవాఖానలో నర్సు. ఆమెకు చెబితే, "లోపల ఉన్న దుఃఖం బయటికి రావాలి బాబూ, లేకపోతే అది మనిషిని తినేస్తుంది" అంది. మరి మనం ఆమెను కాపాడుతున్నామా, ఇంకా కుంగదీస్తున్నామా? పాట కోసం కాదు అక్కా. ఒట్టు. పాట కోసం మాత్రమే కాదు.

స్టూడియోలో నెల రోజులు ఇచ్చారు. అన్ని పాటలూ అయిపోవచ్చాయి. చివరి పాట ఒక్కటే మిగిలింది. దాని మధ్యలో వాద్యాలన్నీ ఆపేసి ఖాళీ ఉంచాం. అక్కడ ఏం పెట్టినా అతకడం లేదు. వేణువు పెట్టి చూశాం, వయొలిను పెట్టి చూశాం. గొంగట్ల తినుకుంట ఎంట్రుకలు ఏరినట్టే ఉంది మా పని.

సరే, అవ్వను అడగను. నీకు మాట ఇస్తున్నాను. కానీ ఒకసారి పంపించు. నేనున్న చోటు చూడనీ. నాకూ ఆమెను చూడాలని ఉంది.

కైలాసం


బెల్లంపల్లి
3-3-1987

తమ్మీ,

నర్సమ్మకు దండం పెట్టానని చెప్పు. ఆమె మొగుడు ఇంట్లో ఉన్నాడా, గోడ వెనక ఉన్నాడా కూడా కనుక్కుని రాయి.

నేను పంపకపోదును. కానీ నీ ఉత్తరం నేను చదువుతుంటే అవ్వ పక్కనే కూర్చుంది. నీ పేరు వినగానే, "ఏం రాసిండు? బుక్కెడంత తింటుండా?" అంది. రమ్మన్నావని మాత్రమే చెప్పాను. అప్పటి నుంచి సకినాలు చేయడం, మూట కట్టడం, మూట విప్పడం. "పిలగాడు పిలిచిండు" అని బస్తీ అంతా చెప్పొచ్చింది. ఇంక ఆపితే నేను పాపాత్మురాలినవుతాను.

ఈ నెల 22, ఆదివారం మీ బావ తోడుకుని వస్తాడు. ఆయనకు సెలవు లేదు, దించి మర్నాడే తిరిగి బండెక్కుతాడు. వారం ఉంచుకుని నువ్వే తెచ్చి దించు. తంబాకు ఉండాలి, లేకపోతే తలనొప్పి వస్తుంది. మధ్యాహ్నం నాలుగు దాటాక ఆమెతో గట్టిగా మాట్లాడకు, అప్పుడు ఆమె మనసు ఇక్కడ ఉండదు. ఆ కరెంటు గిటార్ల మధ్య ఎక్కువసేపు కూర్చోబెట్టకు.

అక్కడ ఉన్నన్ని రోజులు కాగు నేను పెడతానని మాట తీసుకుంది. పెడతాను. ఏం చెయ్యను?

నువ్వూ ఒక మాట ఇచ్చావు. గుర్తుంది కదా?

కమల


చిలకలగూడ
29-3-1987

అక్కా,

ఈ ఉత్తరం అవ్వ చేతికే ఇచ్చి పంపుతున్నాను. క్యాసెట్టు కలపడానికి ఇవాళ రాత్రికే మద్రాసు పోవాలి. అవ్వను స్వయంగా తెచ్చి దించలేకపోతున్నందుకు తిట్టు, పడతాను. మంచిర్యాలకు పోయే మన కొమురెల్లి మామను బతిమాలాను, బెల్లంపల్లి దాకా వచ్చి ఇంటికి చేర్చి పోతానన్నాడు.

అక్కా, అవ్వ ఏడ్చింది!

నేను అడగలేదు. నీ మీద ఒట్టు. స్టూడియో చూస్తానంటే తీసుకుపోయాను. చెప్పులు బయట విప్పి, లోపల ఒక మూలకు గోడకు ఆనుకుని కూర్చుంది. పాటలు వినిపించాం. సమ్మె పాటకు తల ఊపింది. డెస్మండ్ డ్రమ్ములు చూసి, "గిన్ని డప్పులు ఒక్కడే కొడుతడా! చేతులు గుంజయా బిడ్డా?" అని వాడి భుజాలు పిసికింది. వాడు పడీ పడీ నవ్వాడు. తర్వాత చివరి పాట వేశాం. మీరు పట్టిన సైరను దానికి మొదట్లోనే ఉంది. అది వినగానే అవ్వ లేచి నిలబడింది. తర్వాత పాట నడిచింది. మధ్యలో ఖాళీ వచ్చింది. టేపు తిరుగుతోంది, ఏమీ వినపడదు.

"గీడ ఖాళీ ఎందుకుంచినవ్ కైలాసం?" అంది.

అబద్ధం చెప్పలేను, నిజం చెప్పడానికి నీకిచ్చిన మాట అడ్డం. అట్లా ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను. అవ్వ కూడా నన్నే చూసింది. తర్వాత కూర్చుని, కొంగు నెత్తిమీదికి గుంజుకుని, "ఇంకోపారి ఎయ్యుండ్రి" అంది.

ఖాళీ వచ్చేసరికి ఎత్తుకుంది అక్కా. మైకు దగ్గరకు జరపడానికి కూడా మాకు చేతులు రాలేదు, తెరిచి ఉన్న డ్రమ్ముల మైకులోనే రికార్డయింది.

ఓ కమల బాపూ...
సద్ది గట్టిస్తి గదా, సద్దిగిన్నెన్న రాకపాయె...
నీళ్ళు కాగె, నీళ్ళు సల్లారె, నీ ఒంటి మసి నీ ఒంటినే ఉండె...
గోడ వెట్టినోని చేతులు సల్లగుండ, గోడకు తలుపన్న వెట్టకపాయె...

ఇంకా ఉంది. రాయలేను. ఖాళీ నిండిపోయి, పాట అయిపోయి, టేపు అయిపోయినా ఆమె ఆపలేదు. డెస్మండ్ డ్రమ్ముల వెనక తల దించుకుని కూర్చున్నాడు. రికార్డు చేసే అయ్యరు గారికి తెలుగు సరిగా రాదు, ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేను అవ్వ ఒళ్ళో పడి ఏడ్చాను. బాపు పోయాక నేను ఏడ్వడం కూడా ఇదే మొదలు.

నర్సమ్మ అన్నదే నిజం. మర్నాడు అవ్వ మొఖం తేటగా ఉంది. చాయ తాగుతూ నవ్వింది కూడా. నాలుగు గంటలకు నేను భయంగా చూశాను, ఏమీ లేదు, ఊరికే కూర్చుంది. దిగిపోయింది అక్కా, పన్నెండేళ్ళ బరువు దిగిపోయింది. నువ్వే చూస్తావు కదా.

సంతోషంగా,
కైలాసం


బెల్లంపల్లి
24-4-1987

కైలాసం,

బరువు దిగింది. చూశాను.

కొమురెల్లి మామ రిక్షాలో తెచ్చి దించి పోయాడు. అవ్వ గుమ్మంలోకి వచ్చింది. నుదుట బొట్టు లేదు. బండిలో కిటికీ పక్కన కూర్చుని తనే తుడిచేసుకుందట. నేను పొయ్యి మీద కాగు పెట్టి ఉన్నాను, ఆమెకు మాట ఇచ్చాను కదా. ఆమె వచ్చి కాగు దించి, నీళ్ళు గచ్చు మీద పారబోసింది. "ఇంక ఎందుకు బిడ్డా" అంది. అంతే. తిట్టలేదు, ఏడ్వలేదు.

మర్నాడు తనే కులపెద్ద సిద్దిరాములు ఇంటికి పోయింది. "దినాలు జేయుండ్రి" అని చెప్పి వచ్చింది. రెండుసార్లు వాళ్ళను పంపేసిన మనిషి! నేను కాళ్ళు పట్టుకున్నాను. "ఏడ్చినంక దాయరాదు" అంది.

మోదుగాకులతో బాపును చేశారు. తల, చేతులు, కాళ్ళు. దానికి కొత్త ధోవతి కప్పారు. మొగుడు పోయిన ముసలామె ఒకతె అవ్వ గాజులు పగలగొట్టింది. మట్టెలు తీసేటప్పుడు రాలేదు, ఎన్నేళ్ళ నుంచో వేళ్ళకు పట్టి ఉన్నాయి. సబ్బునీళ్ళు పోసి లాగారు. నేను చూస్తూ నిలబడ్డాను. నీ గిటారు నా చేతికి దొరికితే ఆ మంటలోనే పెట్టేదాన్ని.

ఇంకో మాట విను. బస్తీ ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు, అవ్వ ఎత్తుకుంటే అందుకుందామని. అందరిళ్ళలో ఏడ్చిన దేవవ్వ తన మొగుడికి ఎట్లా ఏడుస్తుందో వినాలని పక్క బస్తీల నుంచి కూడా వచ్చారు. అవ్వ నోరు విప్పలేదు. బుచ్చవ్వ, "ఎత్తుకోవే దేవవ్వా" అంటే, "అయిపోయింది. ఆడ్నే ఏడ్చిన" అంది. బాపు ఒక్క ఏడుపు లేకుండా కాలిపోయాడు తమ్మీ. ఆయన కోసం దాచిన ఏడుపంతా మీ డబ్బాలో పోసుకున్నారు.

ఇవన్నీ నేనెందుకు రాయాలి? నువ్వు పక్కన నిలబడి చూడాల్సింది. మద్రాసులో ఉన్నా నీ గదివాళ్ళు అందిస్తారని నీకు టెలిగ్రాం ఇచ్చాను. రెండు రోజులు చూశాం. పెద్దలు ఇంక ఆగేది లేదన్నారు. నీ బదులు మీ బావ తలకొరివి పెట్టాడు. పాటకు దొరికిన తీరిక బాపు చావుకు దొరకలేదా? ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత.

అడగలేదని రాశావు. ఎట్లా అడగాలో తెలిసినవాడివి.

నాకు ఉత్తరం రాయకు.

కమల


చిలకలగూడ
9-5-1987

అక్కా,

నేను నిన్ననే మద్రాసు నుంచి వచ్చాను. నీ ఉత్తరం బల్ల మీద ఉంది. చదివాను.

టెలిగ్రాం నాకు చేరలేదు. అది వచ్చినప్పుడు గదిలో డెస్మండ్ ఉన్నాడు. అందులో "బాపు అంత్యక్రియలు, వెంటనే బయలుదేరు" అని మాత్రమే ఉందట, పంపినవాళ్ళ పేరు లేదట. కైలాసం తండ్రి ఎప్పుడో పన్నెండేళ్ళ కింద పోయాడు, ఇది ఇంకెవరో కైలాసానిది అయి ఉంటుందని, పాపం ఆ మనిషికి చేరాలని వాడు దాన్ని తీసుకోకుండా పోస్టుమ్యాన్‌కే తిరిగి ఇచ్చేశాడు. వీధి చివరిదాకా వెంట పోయి మరీ, "ఈ కైలాసం ఎవరో త్వరగా వెతకండి, తండ్రి పోయాడు" అని చెప్పి వచ్చాడట. నేను నీ ఉత్తరం చదివి వినిపిస్తే గోడకు తల కొట్టుకున్నాడు. వాడి తప్పు కాదు. బాపు పోయాడని వాడికి చెప్పింది నేనే.

ఇవాళ బండెక్కుదామని సంచీ సర్దాను. రాయవద్దన్న మనిషి ఇంటికి ఏ మొఖంతో రాను? నువ్వు రమ్మంటే వస్తాను. ఒక్క ముక్క రాయి.

కైలాసం


చిలకలగూడ
20-9-1987

అక్కా,

ఇది అయిదో ఉత్తరం. నువ్వు రాయలేదు. రాస్తావని కూడా అనుకోను. ముత్యం రాసే కార్డులే నాకు దిక్కు. అవ్వ ఇప్పుడు ఎవరింటికీ ఏడ్వడానికి పోవడం లేదని రాశాడు. తన హోటల్లో క్యాసెట్టు వేస్తున్నానని, అవ్వ ఆ దారిన వచ్చే వేళకు ఆపేస్తున్నానని రాశాడు. వాడికున్న బుద్ధి నాకు లేకపోయింది.

క్యాసెట్టు బయటికి వచ్చి మూడు నెలలు. నీకు చెప్పాలనే ఉంది, చెప్పడానికి సిగ్గుగానూ ఉంది. బొంబాయి పత్రిక ఒకటి మా మీద రెండు పేజీలు రాసింది, ఈ ఏడు దేశంలో వచ్చిన సంగీతంలో ఇదే గొప్పదని. ఢిల్లీ, బెంగళూరు కాలేజీల నుంచి పిలుపులు. అందరూ చివరి పాట గురించే అడుగుతారు. "ఆ గొంతు ఎవరిది?" అంటారు. మా అవ్వది అంటే చప్పట్లు కొడతారు. మొన్న బెంగళూరులో ఆ ఖాళీ వచ్చినప్పుడు టేపు మీద అవ్వ గొంతు వేశాం. వేల మంది పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. అయిపోగానే ఈలలు వేశారు. బాపు శవం ముందు ఈలలు వేసినట్టే అనిపించింది. నేను స్టేజీ దిగి వెళ్ళిపోయాను.

ఒక నిర్ణయం తీసుకున్నాను. సేటు మళ్ళీ క్యాసెట్లు కొట్టించబోతున్నాడు. ఆ పాట తీసేయమని చెప్పాను. తీయనంటే బ్యాండు నుంచి నేనే తప్పుకుంటానన్నాను. అసలు టేపు ఇంకా అయ్యరు గారి దగ్గరే ఉంది. అవ్వ గొంతు ఉన్న భాగం నా చేతులతోనే చెరిపేస్తాను. దీపావళి దాకా ఆగమన్నారు, ఆగుతున్నాను. డెస్మండ్ నాతో మాట్లాడడం లేదు.

ఈ ఒక్క ఉత్తరం మాత్రం అవ్వకు చదివి వినిపించు. ఆమెను అడిగినందుకు, అడగలేదని చెప్పుకున్నందుకు నన్ను క్షమించమను.

కైలాసం


బెల్లంపల్లి
11-10-1987

తమ్మీ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. అన్నీ చదివాను. టెలిగ్రాం సంగతి చదివినప్పుడే నా కోపం సగం విరిగింది. మిగిలిన సగం చేతిని కదలనివ్వలేదు. డెస్మండ్‌ను తల కొట్టుకోవద్దని చెప్పు. నిన్ను తిట్టినందుకు నాకు బాధగా ఉంది, తిట్టకుండా ఉన్నా బాధగానే ఉండేది.

అవ్వ ఉంది. పొద్దున లేస్తుంది, బియ్యం ఏరుతుంది, తింటుంది. నాలుగింటికి ఏం చెయ్యాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంటుంది. మొన్న బుచ్చవ్వ పెనిమిటి పోయాడు. బుచ్చవ్వ స్వయంగా వచ్చి పిలిచింది, పక్కింటి గోడ అవతలే కదా. అవ్వ పోయి పక్కన కూర్చుంది, చేయి పట్టుకుంది. రాగం మాత్రం ఎత్తలేదు. రావడం లేదంది. మనిషి చాలా సన్నబడింది తమ్మీ. దాచి ఏం లాభం?

నీ ఉత్తరం చదివి వినిపించమన్నావు. వినిపించాను. పొయ్యి దగ్గరే విన్నది. ఈలలు వేశారన్నప్పుడు, "పిలగాండ్లు, తెల్వదు" అంది. గొంతు చెరిపేస్తానన్న చోట నన్ను ఆపమంది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా మాట ఒక్కటి కూడా కలపడం లేదు.

"చెరుపొద్దని రాయి. వాని చెయ్యి ఇరుగ, ఎట్ల చెరుపుతడు! నీకు సుత వాని మీద కోపమెందుకే? వాడు నన్ను మోసం జెయ్యలే. పన్నెండేండ్ల సంది నాకు తెల్వదా, గోడ ఎన్క మనిషి బతుకడని? తెల్సు. తెల్సే నీళ్ళు వెట్టిన. నీళ్ళు కాగినంతసేపు మీ బాపు తొవ్వల ఉన్నట్టే ఉండె.

"వాడు పుట్టినకాన్నుంచి నన్ను ఏమన్న అడిగిండా? పలక అడగలే, చెప్పులు అడగలే. హాస్టల్ల ఏసినప్పుడు సుత, ఇంటికాడ్నే ఉంటనని ఒక్కమాట అడగలే. గా దినం పాట నడుమ ఖాళీ ఉంచి, నా మొకం దిక్కు చూసిండు. నోరు తెరువలే గని, అడిగిండు. ఒక్కపారి అడిగిండు బిడ్డా. నా తాన ఏమున్నది వానికి ఇయ్యనీకి? మీ బాపు ఒక్కడు ఉండె. ఇచ్చిన."

కమల